ఒకే గోడకు రెండు పేర్లు

నేను మా అమ్మానాన్నల సొంత బిడ్డనేనా? ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ సందేహం నాలో ఉంది. మనుషులెవరికీ చెప్పలేదు. దేవుడికి మాత్రం రోజూ పొద్దున చెప్పుకునేదాన్ని. ఆయన విన్నాడు గానీ జవాబు చెప్పలేదు. నేనూ తొందరపెట్టలేదు.

దీనికంతటికీ మూలం మా పక్కింటావిడ. నా చిన్నప్పుడు ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, నా ఉంగరాల జుట్టులో వేళ్ళు పెట్టి, "మీ ఇంట్లో అందరిదీ సాఫు జుట్టే కదా, ఈ పిల్లది ఎవరి పోలిక?" అంది. మా అమ్మ మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి. అన్నయ్య సందు చూసుకుని, "నిన్ను రంగు డబ్బాలో దొరికితే తెచ్చుకున్నాంలే" అన్నాడు. అన్నయ్య మాటకు నవ్వాను. అమ్మ మౌనం దగ్గరే నవ్వు ఆగిపోయింది.

దానికి ఇంకొకటి తోడైంది, వంతెన బాకీ. అన్నయ్య ఒకసారి నాన్న కొట్లో తెల్లరంగు తొట్టిలోకి ఎర్రరంగు ఒలకబోశాడు. నాన్నకు చెప్పకపోతే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నది మీది వంతెన దాకా తీసుకెళ్తానన్నాడు. నేను చెప్పలేదు. అన్నయ్య తీసుకెళ్ళలేదు. మొదట టైరు బాగాలేదు, తర్వాత తీరిక లేదు, ఆ తర్వాత సైకిలే లేదు. ఆపైన ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఇప్పుడు మోకాళ్ళు లేవు. ఇంటిల్లిపాదికీ ఆ బాకీ ఒక నవ్వులాట. నాకు మాత్రం మనసులో ఏదో మూల, సొంత చెల్లెలైతే తీసుకెళ్ళేవాడేమో అనిపించేది. అరవై దాటినా ఆ మూల అలాగే ఉంది.

ఇన్ని వారాలూ నాతో నడిచినవాళ్ళకు తర్వాతి సంగతి తెలుసు. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళకు టూకీగా చెప్తాను. అన్నయ్య కూతురు వాళ్ళ నాన్న పుట్టినరోజుకు డీఎన్ఏ పరీక్ష ఒకటి కొనిపెట్టింది. చిన్న గొట్టంలో ఉమ్మి పంపిస్తే మన పూర్వీకులు ఏ ప్రాంతాల వాళ్ళో శాతాల్లో చెప్తారు. అన్నయ్యకు కొండప్రాంతం ఎక్కువ, తీరం కొంచెం, ద్వీపాలు రెండు శాతం అని వచ్చింది. నేను ఎవరికీ చెప్పకుండా వేరే కంపెనీ పరీక్ష తెప్పించుకున్నాను. నాకు ద్వీపాలు ముప్పై నాలుగు వచ్చాయి. కంపెనీ వేరు కాబట్టి అలా వచ్చిందేమోనని, ఈసారి అన్నయ్య చేయించుకున్న కంపెనీకే మళ్ళీ ఉమ్మి పంపాను. ఆ ఫలితం ఫోనులోకి వచ్చి, నేను దాని మీద వేలు పెట్టిన చోట పోయిన వారం కథ ఆగింది.

ద్వీపాలు పదకొండు.

మా ఇంట్లో ఈ సంగతి తెలిసింది మా ఆయన ఒక్కరికే. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "మీ అన్నకూ నీకూ తేడా అంటావు. ముందు నీకూ నీకూ మధ్యే ఇరవై మూడు తేడా ఉంది. అంటే నీకు నువ్వే చెల్లెలివి కావన్నమాట" అన్నారు.

నవ్వొచ్చింది. కానీ నవ్వితే పోయే అనుమానం కాదిది. మాది రంగుల కొట్టు. నాన్న తర్వాత అన్నయ్య నడుపుతున్నాడు, రంగు సరిచూసే పని నాది. మా దగ్గర శాతం అంటే శాతమే. డబ్బా మూత మీద పసుపు ఇంత, నలుపు ఇంత అని చీటీ అంటించామంటే అంతే పోశామని అర్థం. ఒక డబ్బాకు రెండు చీటీలు ఉండవు. ఉన్నాయంటే ఒకటి అబద్ధం. మరి నా మూత మీద ఏది అబద్ధం?

"నన్ను కలిపినప్పుడు చీటీ ఎక్కడ పెట్టావు దేవుడా?" అని ఆ పొద్దున ప్రార్థన చివర అడిగి, చెప్పులేసుకుని కొట్టుకు వెళ్ళాను.

షట్టర్ అప్పుడే తీశారు. అన్నయ్య గల్లా దగ్గర బ్రష్షులు సైజు వారీగా సర్దుతున్నాడు. తన వెనక రంగు కలిపే మిషను ఏదో డబ్బాను పట్టుకుని గడగడా కుదుపుతోంది. మా వీధి చివర పళ్ళ డాక్టరు గారు వచ్చారు. జేబులోంచి బుల్లి ప్లాస్టిక్ పెట్టె తీసి మూత తెరిచారు. లోపల దూది, దూదిలో ఒక గోడ పెచ్చు.

"పన్ను పీకినట్టే పీకి తెచ్చారే" అన్నాడు అన్నయ్య.

"నాకొచ్చిన విద్య అదే కదండీ" అన్నారాయన. "పేషెంట్లు కూర్చునే గదిలో పైపు మార్చాలని గోడ కొట్టారు. ఆ మేరకు అదే రంగు వేయించాలి. మొదట వేసినాయన ఊరొదిలి వెళ్ళిపోయాడు, ఏం కలిపాడో ఎవరికీ తెలీదు."

పెచ్చు తీసుకుని గుమ్మంలో వెలుతురుకు పట్టాను. మేం రెండు కంపెనీల రంగులు అమ్ముతాం. మొదటి కంపెనీ షేడ్ కార్డు విసనకర్రలా విప్పి ఒక్కో ఆకూ పెచ్చు పక్కన పెట్టి చూశాను. 'ఎండుగడ్డి' అనే రంగు అచ్చంగా సరిపోయింది. దాని కలపకం, అంటే తెల్లరంగులో పోసే పాళ్ళు, పసుపు ఎక్కువ, నలుపు కాస్త. రెండో కంపెనీ కార్డులో 'మీగడ' అనేది సరిపోయింది. దాని కలపకంలో నలుపే లేదు, పసుపుతో పాటు ఎరుపూ ఆకుపచ్చా ఉన్నాయి. రెండూ చెంచాడు చెంచాడు కలిపి, అట్టముక్క మీద పూసి, ఫ్యాను కింద ఆరబెట్టాను. పెచ్చును మధ్యలో పెట్టాను. మూడింట్లో ఏది ఏదో నాకే తెలియలేదు.

డాక్టరు గారు వంగి చూశారు. "ఇంతకీ మా గోడ అసలు పేరేంటమ్మా? ఎండుగడ్డా, మీగడా?"

నేను నోరు తెరిచేలోపు గల్లా దగ్గర్నుంచి అన్నయ్య అందుకున్నాడు. "అసలుది మీ గోడ మీదే ఉంది డాక్టరు గారూ. ఇవి మేం పెట్టే పేర్లు. మా దగ్గరున్న కార్డుల్లో మీ పెచ్చు దేనికి దగ్గరగా ఉందో అది చెప్తాం. కార్డు మారితే పేరు మారుతుంది. గోడ మారదు."

"మరి ఈ శాతాలు?"

"అవీ అంతే. ఈ కంపెనీ రంగులతో అక్కడికి చేరాలంటే ఇంత పోయాలి, ఆ కంపెనీ వాటితోనైతే అంత. మీ గోడకు వేసినాయన నిజంగా ఏం పోశాడో ఆ పైవాడికే తెలియాలి. వచ్చే ఏడు కొత్త కార్డు వచ్చిందనుకోండి, మీ గోడకు మూడో పేరు పెడతాం."

నా చేతిలో కలిపే పుల్ల ఆగిపోయింది. ఇదే మాట కొట్టుకు వచ్చేవాళ్ళకు నేనెన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. చెప్పడం వేరు, వినడం వేరు. ఇన్నాళ్ళూ ఆ ఫలితాలను మూత మీది చీటీల్లా చదివాను. పోసిన లెక్క అనుకున్నాను. అవి పెచ్చు చూసి చెప్పిన లెక్కలు. రెండు కంపెనీలు, రెండు కార్డులు, గోడ నేను.

"మీగడే ఇవ్వండి" అంటున్నారు డాక్టరు గారు. "ఎండుగడ్డి గదిలో కూర్చోబెట్టి నోరు తెరవమంటే బాగుండదు."

మధ్యాహ్నం అన్నయ్య కూతురు వచ్చింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని చిన్నప్పుడే దానికి పిచ్చుక అని పేరు పడింది. ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని. రోజూ భోజనానికి కొట్టు వెనక గదిలోకి వస్తుంది. ప్రైమర్ డబ్బా బోర్లించి కూర్చుని క్యారియర్ విప్పుతుంటే, తలుపు దగ్గరగా వేసి ఫోను దాని చేతిలో పెట్టాను.

"అత్తా, నువ్వూ చేయించుకున్నావా? రెండు చోట్లా? నాకు చెప్పకుండానే?"

"మెల్లిగా."

"నాన్నకు తెలుసా?"

"మెల్లిగా అంటే నీ భాషలో అర్థమేంటే?"

తలుపు తెరుచుకుంది. "నాకేం తెలియాలి?" అన్నాడు అన్నయ్య.

పిచ్చుక చేతిలోంచి ఫోను తీసుకుని చూశాడు. కిందికి జరిపాడు, మళ్ళీ పైకి జరిపాడు. "ఇదెందుకు చేయించుకున్నావు?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చేతనైనా పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని వచ్చాక బాగుండదు. "మనిద్దరికీ ఒకే అమ్మా ఒకే నాన్నా అవునా కాదా తెలుసుకుందామని" అన్నాను.

ముందు గదిలో మిషను ఆగి, డబ్బా తీసుకోమని కూత పెట్టింది. అన్నయ్య కదల్లేదు.

"రంగు డబ్బా మాట పట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నావా చెల్లెమ్మా?"

"నీ మాట కాదు అన్నయ్యా. ఆ రోజు అమ్మ మాట్లాడలేదు. అది."

"నన్నడగొచ్చుగా."

"నీకు తెలుసా?"

"తెలీదు."

"మరి?"

అన్నయ్య ఇంకో ప్రైమర్ డబ్బా లాక్కుని కూర్చున్నాడు. "నాకు రెండు, నీకు ముప్పై నాలుగు. ఇంకోచోట పదకొండు. ఇదేం లెక్క?"

"ఎండుగడ్డీ మీగడా" అన్నాను.

అన్నయ్య నా ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణం పట్టింది, అర్థమైంది. పొద్దున తను చెప్పిన పాఠమే కదా. పిచ్చుకకు మాత్రం మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. విని, తినడం ఆపి మరీ సంబరపడింది.

"కరెక్టే అత్తా. ఒక్కో కంపెనీ ఒక్కో ప్రాంతంలో కొంతమందిని తీసుకుని తన కార్డు తయారుచేసుకుంది. నీ డీఎన్ఏ ముక్కలు వాళ్ళలో ఎవరికి దగ్గరగా ఉన్నాయో అది చెప్తుంది. ఒకళ్ళ కార్డులో ద్వీపాలవాళ్ళు ఎక్కువమంది ఉండొచ్చు, ఇంకొకళ్ళు ద్వీపాలనూ తీరాన్నీ వేరే చోట గీత గీసి విడదీసి ఉండొచ్చు. అందుకే నీకూ నీకూ తేడా."

"బాగానే ఉంది. ఒకే కంపెనీలో మీ నాన్నకు రెండు, నాకు పదకొండు. దానికేమంటావు?"

"తోబుట్టువులకు తేడా రావడం మామూలే. అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం వస్తుంది ఎవరికైనా. కానీ ఇద్దరికీ అదే సగం రాదు. ఒకే గిన్నెలోంచి ఒకే గరిటెతో వడ్డించినా ఒకళ్ళకి ముక్కలు పడతాయి, ఒకళ్ళకి నీళ్ళు పడతాయి."

"ముక్కలెవరికి పడ్డాయో జుట్టు చూస్తే తెలుస్తోంది" అంటూ అన్నయ్య తన బట్టతల తడుముకున్నాడు.

"అయితే నేను ఆయన చెల్లెలినేనా?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "ఈ పేజీ అది చెప్పదత్తా. అవునని చెప్పదు, కాదనీ చెప్పదు. దానికి వేరే పేజీ ఉంది. నువ్వే దాన్ని మూసిపెట్టావు. చూడు, 'నా బంధువులను చూపించు' అని అడిగితే 'వద్దు' అన్నావు."

అన్నాను. ప్రతి గీతా చదివే మనిషిని. అక్కడికి వచ్చేసరికి మాత్రం చదవకుండానే వద్దని నొక్కేశాను.

"నాన్న పెచ్చు ఈ కంపెనీలోనే ఉంది. నువ్వు సరేనంటే ఇద్దరి పెచ్చులూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. కార్డుతో పనే లేదు."

ఫోను నా ఒళ్ళో పెట్టింది. ఆ గదిలో ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నాను. కలిపే పుల్లల కట్టలు, టర్పెంటైన్ వాసన, నాన్న చేత్తో గోడ మీద పూసి చూసిన రంగుల మచ్చలు. ఇందులో అన్నయ్య పేరు రాకపోతే ఈ గదిలో నేనెవరిని?

"నొక్కినా నొక్కకపోయినా నా చెల్లెలివే" అన్నాడు అన్నయ్య.

"నాకు తెలుసు."

"తెలిస్తే మరెందుకు?"

"నీ మంచితనం మీద బతకడం వేరు, నా హక్కు మీద బతకడం వేరు అన్నయ్యా."

అన్నయ్య తన డబ్బా ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. "సరే. కాదని వస్తే మాత్రం వంతెన బాకీ రద్దు."

"ఆశ పెట్టుకోకు. ఎలా వచ్చినా రద్దు కాదు."

కళ్ళు మూసుకున్నాను. ఎలా కలిపినా సరే దేవుడా, కలిపింది నువ్వేగా, అనుకుని నొక్కాను.

తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతున్నంతసేపూ అన్నయ్య తన కూతురి క్యారియర్‌లోది కంగారులో మొత్తం తినేశాడు. పిచ్చుక చూస్తూ ఊరుకుంది. మాట్లాడకుండా ఉండటం దానికి అదే మొదటిసారి అనుకుంటాను.

చక్రం ఆగింది. మొదటి వరసలో అన్నయ్య ఫోటో, బ్రష్షు పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డది. దాని పక్కన ఉన్నది పిచ్చుక పైకి చదివింది. "సొంత తోబుట్టువు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే."

అన్నయ్య లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. శుభ్రంగా ఉన్న గల్లా బల్లను గుడ్డపెట్టి తుడిచే చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చాక ముక్కు ఎగబీలుస్తూ, "టర్పెంటైన్ ఘాటు" అన్నాడు. ఆ పూట మేం టర్పెంటైన్ డబ్బా తెరవనే లేదు. నేను కొంగుతో ముఖం తుడుచుకుని, నాదీ అదేనన్నాను.

"అత్తా, ఆగాగు" అంది పిచ్చుక. "ఇంకొకళ్ళున్నారు."

రెండో వరసలో ఒకావిడ. మా వయసుదే. ఉంగరాల జుట్టు క్లిప్పుకు లొంగక నాలుగు వైపులా లేచి ఉంది. రోజూ అద్దంలో నేను పోట్లాడే జుట్టే అది.

"అమ్మ తోబుట్టువుల పిల్లలో, నాన్న తోబుట్టువుల పిల్లలో అయ్యుండాలట" అంది పిచ్చుక.

"మనకెక్కడున్నారు?" అన్నాడు అన్నయ్య. "నాన్న ఒక్కడే. అమ్మా ఒక్కతే. తనకెవరూ లేరని అమ్మ పోయేదాకా చెప్పిందిగా."

పిచ్చుక వాళ్ళ నాన్న ఫోను తీసుకుని అందులో వెతికింది. "నాన్నా, నువ్వు శాతాలు చూసి వదిలేసినట్టున్నావు. ఈవిడ నీకు ఉత్తరం రాసి నెల దాటింది. తెరవనే లేదు."

నేను చెయ్యి చాచాను. అన్నయ్య అడ్డుపడ్డాడు.

"కొత్త లెక్కలు తర్వాత. ముందు పాత బాకీ. సొంత తోబుట్టువని రాతపూర్వకంగా ఇచ్చాక ఇంకెలా తప్పించుకుంటాను? ఇప్పుడు కదిలితే కదిలినట్టు, లేకపోతే రేపటికి నాకు ఇంకో సాకు దొరుకుతుంది. పిచ్చుకా, కొట్టు చూసుకో."

"మోకాళ్ళో?"

"అవీ వస్తాయి."

సరుకు చేరవేసే సైకిలు గోడకు ఆనించి ఉంది. వెనక క్యారియర్ మీద గోనెపట్టా మడిచి వేశాడు. జేబులో ఉంటే పడిపోతుందని తన ఫోను నా చేతికిచ్చాడు. ఎక్కి కూర్చున్నాను. సైకిలు కుడికి ఒరిగింది, ఎడమకు ఒరిగింది, ఆలోచించుకుని ముందుకు కదిలింది.

తాళాలు బాగుచేసే ఆయన పని ఆపి చూశాడు. "ఏంటండీ, డెలివరీనా?"

"అవును. బాగా ఆలస్యమైంది" అని అరిచాడు అన్నయ్య.

పళ్ళ డాక్టరు గారి కిటికీలోంచి ఎవరో నోరు తెరిచి చూశారు. అక్కడ నోరు తెరవడం మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. వీధి దాటితే వంతెన ఎత్తు మొదలవుతుంది. అన్నయ్య ఊపిరి బరువెక్కింది.

"దిగి నడుస్తాలే."

"దిగితే బాకీ తీరదు. కూర్చో."

ఒక చేత్తో అన్నయ్య చొక్కా పట్టుకున్నాను. రెండో చేతిలో ఫోను. ఆగలేకపోయాను. తెరిచాను.

"నమస్కారం. మనం దగ్గర బంధువులమని ఇక్కడ చెప్తున్నారు. మా నాన్నగారూ ఆయన అక్కా చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. ఇద్దరినీ వేర్వేరు ఇళ్ళవాళ్ళు తీసుకెళ్ళి పెంచుకున్నారు. ఆ తర్వాత కలుసుకోలేదు. ఆయనకు గుర్తున్నది ఒక్కటే. ఆయన ఉంగరాల జుట్టు దువ్వలేక అక్క రోజూ విసుక్కునేదట. మా నాన్నగారు బాగున్నారు. మీ అమ్మగారు ఉన్నారా?"

ఆ రోజు వంటింట్లో మోగిన గిన్నెల చప్పుడు నా చెవిలో మళ్ళీ వినిపించింది. నా జుట్టు ఎవరి పోలిక అని అడిగితే, దూరమైన తమ్ముణ్ణి మనసులోనే దాచుకున్న అమ్మ ఏమని చెప్తుంది?

"ఏమని రాసింది?" అన్నాడు అన్నయ్య, రొప్పుతూ.

"నువ్వు ముందు చూసి తొక్కు."

ఇంకో నాలుగు తొక్కులకు చక్రం కింద రోడ్డు చప్పుడు మారింది. కింద నీళ్ళు. అన్నయ్య ఒక కాలు నేల మీద ఆనించి, సైకిలు ఆపి, చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"వంతెన" అన్నాడు. "చెల్లా?"

దిగి, కొంగు సర్దుకుని, ఫోను అన్నయ్య కళ్ళ ముందు పెట్టాను.

"చెల్లు" అన్నాను.